ఆదివారం ఆన్‌లైన్‌లో

"నా కోట కూల్చేశారు," అంది ఆ అమ్మాయి, బాగుచేసిన ఫోన్ చేతిలోకి తీసుకోగానే.

కౌంటర్ వెనక కళ్ళజోడు కుర్రాడు బిక్కమొహం వేశాడు. కొత్త స్క్రీన్ మీద టచ్ పనిచేస్తోందో లేదో చూద్దామని ఆమె ఆడుతున్న గేమ్ తెరిచాడు. గుంపులు గుంపులుగా వచ్చే శత్రువులకు అడ్డంగా బురుజులు కట్టి కోటను కాపాడుకోవాలి. కోట పడిందా, కూడబెట్టిన ఆయుధాలన్నీ పోయినట్టే. కొత్త దారి, కొత్త శత్రువులు, మళ్ళీ ఓనమాల నుంచి.

"సారీ అండీ. అయినా మంచు బురుజు మలుపు దగ్గర కట్టుంటే నిలిచేది."

"తప్పు చేసి పాఠం కూడా చెబుతున్నారా?"

"పోనీ ఫోన్ ఇచ్చి వెళ్ళండి, అక్కడిదాకా నేనే ఆడిపెడతా."

"దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంటుంది," అన్నదే గానీ, నవ్వు ఆపుకోలేకపోయింది.

అదే భవనం పై అంతస్తులో, కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో ఆమె ఉద్యోగం. మర్నాటి నుంచి లంచ్ టైమ్‌లో మెట్ల మీద కూర్చుని, చెరో ఫోన్‌లో ఇద్దరూ ఒకే కోటను కాపాడటం మొదలుపెట్టారు. మాటల్లోంచి 'అండీ'లు ఎప్పుడు రాలిపోయాయో ఇద్దరికీ తెలియదు.

ఒకరోజు వాన జల్లు కొడుతుంటే పై మెట్టుకి జరిగారు.

"ఎడమవైపు నుంచి వచ్చేస్తున్నాయి, చూడు," అంది.

"నేను కుడివైపే చూస్తున్నా."

కుడివైపు ఉన్నది ఆమే. ఆ రోజు కోట ఇట్టే కూలింది. ఎవరూ బాధపడలేదు.

"నాన్నకి మన పెళ్ళి సంగతి చెప్పాను," అంది కొన్నాళ్ళకి. "ఆదివారం మీ అన్నయ్యని తీసుకురా."

అమ్మానాన్నలు లేని అతన్ని పెంచింది అన్నయ్యే. ఆ షాపూ ఆయనదే.

"ఆయన ముందు నాకు నోరు పెగలదు."

"నేనొచ్చి అడగనా?"

"వద్దొద్దు. తీసుకొస్తాగా."

ఆదివారం మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. అన్నయ్యకి బాగా జ్వరం, హాస్పిటల్లో ఉన్నాం అని.

"అయ్యో పాపం, ఏ హాస్పిటలట?" అన్నాడు నాన్న.

ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. ఏం తోచక ఆమె గేమ్ తెరిచింది. అతని పేరు పక్కన పచ్చ చుక్క. ఆడుతున్నాడు. తెరిచి మరిచిపోయాడేమో అనుకుంది. ఆమె చూస్తుండగానే అతని కోట ఒక్కో అంతస్తూ పైకి లేచింది.

సోమవారం షాపులో అన్నయ్య గుండురాయిలా ఉన్నాడు. ఆమె కుర్రాణ్ణి మెట్ల దగ్గరికి పిలిచింది.

"జ్వరం తగ్గిందా?"

అతను తల దించుకున్నాడు. "అడగలేకపోయా. భయమేసింది. ఏ ఆలోచనా రాకూడదని ఆడుతూ కూర్చున్నా."

"ఆ భయం సంగతి నాకు చెప్పాల్సింది."

ఆ తర్వాత ఆమె మెట్ల మీదికి రాలేదు. ఇంట్లో అడిగితే ఏదో ఒకటి చెప్పి దాటేసింది.

ఒక సాయంత్రం అన్నయ్యే వాళ్ళింటికి వచ్చాడు.

"ఆరోగ్యం కుదుటపడిందా అండీ?" అన్నాడు నాన్న, కుర్చీ జరుపుతూ.

"నాకేమైంది? దుక్కలా ఉన్నాను. మావాడు నిన్ననే నోరు విప్పాడండీ. ముందే చెప్పుంటే ఎప్పుడో వచ్చేవాణ్ణి. నాకు మనస్ఫూర్తిగా ఇష్టమే."

నాన్న కూతురి వంక చూశాడు. "నీ ఇష్టం, చిన్నీ," అన్నాడు.

ఆమె బయటికి వచ్చింది. అతను గేటు దగ్గర వానలో తడుస్తున్నాడు.

"మళ్ళీ మొదటినుంచి మొదలెడదాం. ఒక్క అవకాశం ఇవ్వు."

"నీ మీద ఇష్టం పోలేదు."

అతని ముఖం వెలిగింది. అది చూడటమే ఆమెకు కష్టమైంది.

"ఆ ఆదివారం నాన్న నాకు చెప్పకుండా హాస్పిటళ్ళన్నీ తిరిగాడు, మీ అన్నయ్యని పలకరించాలని. ఎక్కడా కనపడలేదమ్మా, ఏమనుకుంటారో అని నా దగ్గర నొచ్చుకున్నాడు. అది నేను మరిచిపోలేను."

ఆమె ఇంటి తలుపు వైపు చూపించింది.

"లోపలికెళ్ళి మీ అన్నయ్యకి చెప్పు, నేను వద్దన్నానని. ఇదైనా నువ్వే చెప్పు."

అతను చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. ఆమె వానలోనే ఉండిపోయింది. లోపలి నుంచి అతని గొంతు వణకకుండా వినిపించాక, అప్పుడు ఏడ్చింది.