అభయ పట్టీ లేని ఆరో తరగతి

అరుణగిరిలో పిల్లలు ఐదో తరగతి దాకా చదివేది తమ గుమ్మటంలోనే. కుజగ్రహం మీద కట్టుకున్న ఆ ఊళ్ళో గుమ్మటం అంటే గాలి నింపిన పెద్ద గాజు పందిరి. ఇళ్ళూ, కూరగాయల మడులూ, చిన్నబడీ అన్నీ దాని కిందే ఉంటాయి. ఆరో తరగతికి మాత్రం సొరంగ రైలెక్కి అవతలి గుమ్మటంలోని పెద్దబడికి వెళ్ళాలి. ఒకప్పుడు ఆ రైలు దగ్గర పిల్లలు గుక్కపట్టి ఏడ్చేవారు. కొందరు నెలల తరబడి సరిగా తినేవారు కాదు.

ఆ ఏడుపు మాన్పించింది డాక్టర్ సుగుణ. ఆమె కనిపెట్టిన అభయ పట్టీ చిటికెన వేలి గోరంత ఉంటుంది. చెవి వెనక అతికిస్తే, మెదడులో భయాన్ని పుట్టించే అమిగ్డలాను కనిపెట్టుకుని ఉంటుంది. అది ఉలిక్కిపడబోయినప్పుడల్లా సన్నటి విద్యుత్ స్పందనతో జోకొడుతుంది. మందు లేదు, మత్తు లేదు. మూడేళ్ళుగా ఆరో తరగతిలో చేరే ప్రతి పిల్లకూ పిల్లవాడికీ పాలకమండలి దాన్ని పంచుతోంది.

అలాంటి సుగుణ కూతురు మేఖల, పెద్దబడికి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే పట్టీని తల్లి చేతిలో పెట్టేసింది.

“నాకొద్దమ్మా.”

“కడుపులో తిప్పుతుందే. కాళ్ళు వణుకుతాయి.”

“వణకనీ.”

“ఎందుకొద్దో చెప్పు.”

“షమీమక్కని చూశావుగా.”

పక్కింటి షమీమ్ మేఖల కన్నా ఏడాది పెద్దది. ఇద్దరూ ఒక్క కంచంలో తిని పెరిగారు. నిరుడు పట్టీ పెట్టుకుని రైలెక్కిన షమీమ్ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ తర్వాత ఈ గడప తొక్కనూ లేదు. కోపమేమీ కాదు, ఎదురైతే నవ్వేది. మేఖల లేకపోయినా ఆమెకు బాగానే ఉంది, అంతే.

సుగుణ బలవంతపెట్టలేదు. “ఉండలేకపోతే ఫోన్ చెయ్యి.”

“చెయ్యను” అంది మేఖల.

రైల్లో నిజంగానే కడుపులో తిప్పింది. అరచేతులు తడిసిపోయాయి. చుట్టూ పిల్లలు నిశ్చింతగా కిటికీల్లోంచి చూస్తున్నారు. ఎవరూ ఎవరికీ ఒరిగి కూర్చోలేదు. బడిలో దారి అడిగితే ఒకమ్మాయి మర్యాదగా చూపించి తన మానాన తను వెళ్ళిపోయింది. తిరుగు రైలెక్కేద్దామని మేఖలకు చాలాసార్లు అనిపించింది. పళ్ళ బిగువున క్లాసులో కూర్చుంది.

మధ్యాహ్నం భోజనాల హాల్లో ఒక్కో బల్ల దగ్గర ఒక్కొక్కరే తింటున్నారు. షమీమ్ కనిపించగానే మేఖల వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“నాకు భయంగా ఉందక్కా. నా పక్కన కూర్చో.”

“ఎందుకు? కాసేపటికి నీకే అలవాటవుతుంది.”

“అలవాటయ్యేదాకా కూర్చో.”

షమీమ్ ఆమెను వింతగా చూసింది. “భయమంటే ఎలా ఉంటుంది? నేను మర్చిపోయాను.”

“చెప్తే తెలీదు. తీసి చూడు.”

షమీమ్ పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆమె చేతిలో చెంచా వణికింది. ఆ హాలు ఎంత పెద్దదో, అందులో ఎంతమంది పేర్లు తెలియకుండా ఏడాది గడిపేసిందో ఒక్కసారిగా తెలిసొచ్చినట్టుంది.

“మీ ఇంటికి రానే లేదు కదే నేను” అంటూ బల్ల చుట్టూ తిరిగొచ్చి, మేఖలను ఆనుకుని కూర్చుంది. ఇద్దరూ వణుకుతూనే అన్నం తిన్నారు. అవతలి బల్లల వాళ్ళు తినడం ఆపి చూశారు.

మర్నాడు ఇంకొందరు తీసి చూశారు. రెండు వారాలు తిరిగేసరికి సగం బడి పట్టీలు తీసేసింది. ఏడుపులు మొదలయ్యాయి, అలకలు మొదలయ్యాయి. భోజనాల బల్లలు ఒకదాని పక్కకొకటి జరిగాయి.

ఒక సాయంత్రం పాలకమండలి అధ్యక్షుడు నాగభూషణం సుగుణ ఇంటి తెర మీద కనిపించాడు.

“డాక్టర్ గారూ, ఊడదీయడానికి వీల్లేకుండా పట్టీని చర్మం లోపలే అమర్చాలని తీర్మానించాం. ఆ పని మీరు చేసిపెట్టాలి.”

“చెయ్యనండి” అంది సుగుణ.

“అయితే మిమ్మల్ని తీసేసి ఇంకొకర్ని పెట్టుకుంటాం.” ఆయన గొంతులో కోపం లేదు, మొహమాటమూ లేదు.

మేఖల తెర దగ్గరికి జరిగింది. ఆయన కళ్ళజోడు సవరించుకుంటూ తల తిప్పినప్పుడు, తెల్లజుట్టు కింద చిన్న మెరుపు కనిపించింది.

“తాతగారూ, మీరూ పెట్టుకున్నారా?”

నాగభూషణం దాచబోలేదు. దాచాలన్న బెదురే ఆయనకు లేదు. “మండలిలో అందరం పెట్టుకున్నాం అమ్మా, మొదటి విడతలోనే. ఊరు నడపడమంటే మాటలా? గాలి చాలదేమో, నీళ్ళు చాలవేమో అని కంటి మీద కునుకుండేది కాదు. ఇప్పుడు హాయిగా ఉంది.”

సుగుణ మొహం పాలిపోయింది. “మరి గుమ్మటాలకు గాలినిచ్చే ఆక్సిజన్ యంత్రాలు అరిగిపోయాయని నిరుడు ఇంజనీర్లు మొత్తుకున్నారు కదండీ?”

“వాయిదా వేశాం. తొందరేమీ అనిపించలేదు.”

సుగుణ అప్పటికే లేచి చెప్పులు తొడుక్కుంటోంది.

“షమీమ్ వాళ్ళని పిలువే” అంది. “మండలి దగ్గరికి భయమున్న వాళ్ళం ఎంతమందిమి వెళ్తే అంత మంచిది.”