కొనేవాళ్లు లేని గంట

శుక్రవారం ఉదయం ఆరూ పదికి కంకిపాడు దగ్గర బందరు కాలువలో ఏజెంట్ జోయెల్ శవం దొరికింది. మెడ చుట్టూ తీగ గుర్తు ఉంది.

ఏడున్నరకి ఏజెంట్ నతానియేలు ఫోన్ మోగింది.

"రొయ్యల మేత వచ్చిందా?" అంది చీఫ్ శివపార్వతి.

"బస్తా తడిసిందండీ," అన్నాడు. అది తమ ఏజెంట్ల కోడ్.

"జోయెల్ చివరి మెసేజ్: ఈరోజు పదకొండుకి డంప్."

నతానియేలుకి మిగతాది తెలుసు. తురియాక్స్ ఏఐ షేరు ధర నాలుగు వేల రెండొందలు. షేరుకి ఏడాది లాభం నాలుగు రూపాయలు. అరవై లక్షల షేర్లు ఒక విదేశీ ముఠా చేతిలో ఉన్నాయి. అమ్మాలంటే కొనేవాళ్లు కావాలి. అందుకని కంకిపాడు నుంచి చల్లపల్లి దాకా పద్నాలుగు వందల కుటుంబాలని ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చి ఆరు నెలలు నమ్మించారు. పదకొండుకి వాళ్లంతా ఒకేసారి కొంటారు. ముఠా అమ్మేసి పోతుంది.

"ట్రేడింగ్ ఇప్పుడే ఆపించలేమా మేడమ్?"

"రుజువు లేకుండా ఎక్స్ఛేంజ్ కదలదు. వాళ్ల లాప్‌టాప్‌లో అమ్మకం ఆర్డర్ నాకు కనిపించాలి."

"అప్పటికే జనం కొనేస్తారు."

"కొంటారు," అంది శివపార్వతి.

ముఠా దిగిన హోటల్‌కి వెళ్లే దారిలో కంకిపాడులో ఆగాడు. రైతు బసవయ్య తనకున్న ఎకరన్నర అమ్మి కోటీ ఎనభై లక్షలు ట్రేడింగ్ ఖాతాలో వేశాడు. నతానియేలు అతనికి మేత డీలర్‌గా పరిచయం.

"బసవయ్యగారూ, ఆ షేరు జోలికి పోకండి. ఆ ధరకి తగ్గ లాభాల్లేవు అందులో."

"మేత అమ్ముకునేవాడివి, నీకెందుకయ్యా షేర్ల గోల? మా బావమరిది మార్చిలో పెట్టాడు. రెట్టింపయింది."

"అమ్మి డబ్బు తీసుకున్నాడా?"

"అమ్మడమేంటి! ఇంకా పెరుగుద్దిగా. సుస్మితగారు చెప్పారు."

సుస్మిత ఆ గ్రూపు నడిపే సలహాదారు. పట్టు చీర, రవ్వల దుద్దులు, వీడియోల్లో చిరునవ్వు. ముఠా జీతం తీసుకుంటుంది.

పదీ యాభైకి నతానియేలు ఏసీ మెకానిక్ వేషంలో బందరు రోడ్డు హోటల్ నాలుగో అంతస్తులో ఉన్నాడు. స్క్రూడ్రైవర్ పిడిలో కెమెరా ఉంది. లాప్‌టాప్ ముందు ముఠా మనిషి మార్కో. కిటికీ దగ్గర సుస్మిత.

పదకొండుకి మార్కో అమ్మకం ఆర్డర్ పెట్టాడు. అరవై లక్షలు. కెమెరా తీసింది.

తెర మీద ముప్పై ఒక్క కొనుగోళ్లు పడ్డాయి. తర్వాత ఏమీ రాలేదు.

"ఎక్కడ మీ జనం?" అన్నాడు మార్కో.

"వస్తారు," అంది సుస్మిత.

"పదకొండు అన్నాం!"

"మీరన్నారు. నేను సరేనన్నాను."

నతానియేలు నిచ్చెన దిగి కారిడార్‌లోకి వచ్చి వీడియో పంపాడు. వెనకే సుస్మిత వచ్చింది.

"బస్తా తడిసింది," అంది.

అతను పిస్తోలు మీది నుంచి చెయ్యి తీశాడు. "మేడమ్ మనిషివా! ఎందుకు కొనలేదు వాళ్లు?"

"శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. అప్పుడు మావాళ్లు సంతకం కూడా పెట్టరు. మార్కోకి తెలీదు. మీకూ తట్టలేదు, చర్చికెళ్లేవారు కదండీ."

"మరి ఆ ముప్పై ఒక్కరూ?"

"మీ చర్చివాళ్లే అయ్యుంటారు."

గ్రూపులో నతానియేలు చిన్నమ్మ శౌరమ్మ కూడా ఉంది.

"పన్నెండు తర్వాత?" అన్నాడు.

"ఆపడం నా వల్ల కాదు. పొద్దున్నించీ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు."

పదకొండూ ఇరవైకి మార్కోని జోయెల్ హత్య కేసులో అదుపులోకి తీసుకున్నారు. అతని బ్యాగులో తీగ దొరికింది. పదకొండూ యాభై తొమ్మిది నిమిషాల నలభై సెకన్లకి ఎక్స్ఛేంజ్ తురియాక్స్ ట్రేడింగ్ ఆపింది.

పన్నెండు దాటిన మూడు నిమిషాల్లో డెల్టా నుంచి పన్నెండొందల ఆరు కొనుగోలు ఆర్డర్లు వచ్చాయి. అన్నీ తిరస్కరణకు గురయ్యాయి. మొదటిది బసవయ్యది.