దడి మీది గుమ్మడికాయ

వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లిన అరుణమ్మ, దడి దిక్కు చూసి చీపురు అక్కడే వదిలేసింది. తీగకు ఉండాల్సిన బూడిద గుమ్మడికాయ లేదు. తొడిమె పచ్చిగా ఉన్నది. ఇప్పుడే ఎవరో కోశారు.

ఆ కాయ పగటికల్లా కనకమామిడి ఫామ్‌హౌస్‌కు పోవాలి. సీరియల్ మేనేజర్ సైదులు నిన్ననే చెప్పిపోయాడు. షూటింగ్ మొత్తం ముగిసిన రోజు గుమ్మడికాయ కొట్టడం వాళ్ళ ఆనవాయితీ. చుట్టుపక్కల ఏ షూటింగ్ ముగిసినా కాయ అరుణమ్మ దడి నుంచే పోయేది. ఈసారి ముగిసేది ఆమె పెనిమిటి బాలమల్లు లైట్‌మ్యాన్‌గా చేసే సీరియలే.

అది అయిపోతే అతనికి ఇంకో పని లేదు. సీరియళ్ళు తగ్గిపోయాయి. ఫోన్లలో చూసే సిరీస్‌ల వాళ్ళు వచ్చినా నెలకే ముగిస్తారు, మనుషులను కూడా తమ వెంటే తెచ్చుకుంటారు. బిడ్డ వర్షిత తాను పనిచేసే దొంతన్‌పల్లి యూనివర్సిటీలో తండ్రికి ఎలక్ట్రీషియన్ కొలువు అడిగి పెట్టింది. రేపు చేరకుంటే వేరేవాళ్ళను తీసుకుంటారట. బాలమల్లు ఊ అనలేదు, ఉహూ అనలేదు.

కాయ గడ్డివాము వెనక, గోనెసంచి కింద దొరికింది. పక్కనే, తెల్లారకముందే షూటింగ్‌కు పోవాల్సిన బాలమల్లు కూర్చుని ఉన్నాడు.

"ఏందయ్యా, కాయకు చలి పెడుతున్నదా?"

అతను తల ఎత్తలేదు. "కాయ లేకుంటే షూటింగ్ ఎట్ల ఆపుతరు?"

అరుణమ్మకు నవ్వు రాబోయి ఆగింది. చేవెళ్ళ మార్కెట్‌లో కాయలకు కరువు లేదని అతనికి తెలియదా?

డ్యూటీకి తయారైన వర్షిత బయటికొచ్చి, సంగతి చూసి, రేపటి మాట ఎత్తింది. బాలమల్లు మొఖం ఎర్రబడింది.

"మనుషుల మొఖాలకు వెలుగు పెట్టినోణ్ణి. ట్యూబ్‌లైట్లు మార్చుకుంట బతకమంటవా బిడ్డా?"

"ఆ ట్యూబ్‌లైట్ల కిందనే నేను పనిచేస్తున్న బాపు," అన్నది వర్షిత మెల్లగా. బస్సుకు పోయింది.

అరుణమ్మ గోనెసంచి తీసి దులిపింది.

"లే. కాయ నువ్వే పట్టు. నేను గూడ వస్త. ఇన్నేండ్లాయె, నువ్వు చేసే పని ఒక్కనాడు చూడకపోతి."

వాళ్ళు పోయేసరికి ఆఖరి సీను అతను లేకుండానే అయిపోయింది. సైదులు కాయ కోసం చెయ్యి చాపితే, బాలమల్లు జర ఆగమన్నాడు. భార్యను హాలులో నిలబెట్టి పెద్ద లైటు వేశాడు. వెలుగు మెత్తబడడానికి దాని ముందర తెల్లగుడ్డ కట్టాడు, లైటు కొంచెం పక్కకు తిప్పాడు, ఆమె మొఖం చూసి మళ్ళీ తిప్పాడు.

"బాలమల్లన్నా, హీరోయిన్‌కు గూడ గింత సేపు సర్దలె," అన్నాడు సైదులు. అందరూ నవ్వారు. బాలమల్లు నవ్వలేదు, కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డాడు.

"ఇగ ఆపు. కండ్లు మండుతున్నయి," అన్నది అరుణమ్మ.

అతను తన చేత్తోనే లైటు ఆర్పాడు. కాయ మీద కర్పూరం వెలిగించి, కెమెరాకు దిష్టి తిప్పి, గేటు ముందర ఒక్క దెబ్బకు పగలగొట్టాడు.

తిరిగి వస్తుంటే సగం తొవ్వలో అడిగాడు, "రేపు దొంతన్‌పల్లికి ఎన్నింటికి పోవాలెనట?"

"బిడ్డతోనే పో, తోలుకపోతది," అన్నది అరుణమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. లైటు ఆరి చాలాసేపే అయింది.