మోజెస్ అడగాలనుకున్నది

"తొందరగ చూపియ్యి తమ్మీ, నెట్ పోతది!" అంది లిడియా.

శుక్రవారం మస్కట్‌లో సెలవు. అందుకే ఆ రోజు లిడియా బడి నుంచి వచ్చేసరికి, అక్కడ పనిచేసే వాళ్ల నాన్న, బాపు, వీడియో కాల్ చేస్తాడు.

లిడియా ఆరో తరగతి. తమ్ముడు మోజెస్‌కు ఎనిమిదేళ్లు. వాడికి మాటలు రావు. చేయి కూడా మెల్లగా కదులుతుంది. టీచరమ్మ ఇచ్చిన బొమ్మల అట్ట మీద వేలు పెట్టి చెబుతాడు. అన్నం, నీళ్లు, చెరకు ముక్క, నొప్పి, ప్రశ్న గుర్తు. ఒక మూల అమ్మ, అక్క, బాపు ఫోటోలు.

మోజెస్ వేలు వణుకుతూ వెళ్లి అన్నం బొమ్మ మీద ఆగింది.

"ఆకలైతుందట బాపూ!" అంటూ లిడియా అట్ట తీసి పక్కన పెట్టింది. "ఇగ నా ముచ్చట విను."

చెరకు తోటలో కలుపు తీసి అప్పుడే వచ్చిన అమ్మ, అన్నం కలిపి తెచ్చింది. మోజెస్ పళ్లెం తోసేశాడు. ఫోన్ వైపు చూసి గట్టిగా అరిచాడు. అంతలో కాల్ కట్ అయింది.

"ఆకలని నువ్వే అంటివి గదరా! మల్ల గీ జిద్దేంది?" అంది లిడియా.

మోజెస్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సోమవారం డ్రాయింగ్ క్లాసులో భాస్కర్ సార్ లిడియా బొమ్మ దగ్గర ఆగాడు.

"చెరకు తోట మీద గిదేంది?"

లిడియా నోరు తెరిచేలోపే పక్కనున్న దీక్షిత, "విమానం సార్! వాళ్ల బాపు మస్కట్ల ఉంటడు గదా" అంది.

"అచ్ఛా, మంచిగుంది" అని సార్ ముందుకు వెళ్లిపోయాడు.

అది విమానం కాదు. తోటకు నీళ్లు పెట్టిన రోజు వచ్చే కొంగ.

"నన్ను చెప్పనియ్యవా?" అంది లిడియా.

"నీకే సాయం చేసిన గదనే!"

లిడియా పెన్సిల్ పట్టుకొని అలాగే కూర్చుంది.

ఇంటికి వచ్చి బొమ్మల అట్ట తీసి చూసింది. మిగతా బొమ్మలన్నీ కొత్తగానే ఉన్నాయి. బాపు ఫోటో మాత్రం వేలి రాపిడికి తెల్లబారింది.

మళ్లీ శుక్రవారం వచ్చింది. కొంగ బొమ్మ బాపుకు చూపించాలని లిడియా వారమంతా ఎదురుచూసింది. కానీ ఫోన్ మోగగానే ఆ కాగితం పక్కన పెట్టి, అట్టను మోజెస్ ఒళ్లో పెట్టింది.

"బాపూ, ముందుగాల తమ్మి చెప్తడు. ఆగు."

వేలు అన్నం మీదికి వెళ్లింది. "ఆక..." అనబోయి లిడియా నోరు మూసుకుంది. వేలు మెల్లగా మూలకు జరిగింది. తెల్లబారిన బాపు ఫోటో మీద ఆగింది. మళ్లీ లేచి, ప్రశ్న గుర్తు మీద ఆగింది.

ప్రతి కాల్‌లో బాపు వాడిని అడిగే మాటే అది. అన్నం తిన్నవా?



"ఇంకా తినలే బిడ్డా. ఇగో, ఇప్పుడే తింట" అని బాపు పళ్లెం తెచ్చుకొని ఫోన్ ముందు కూర్చున్నాడు.

మోజెస్ నవ్వాడు. వాడి వేలు మళ్లీ లేచింది.

"ఏమంటుండు బిడ్డా?" అడిగాడు బాపు.

"నాకు తెల్వదు బాపూ. ఇంకా చెప్తున్నడు" అంది లిడియా, ఫోన్‌ను అట్టకు ఇంకాస్త దగ్గరగా పట్టుకొని.