మూత తీయకు ఫల్గుణా

"మళ్లీ మూత తీసినావా?"

వెనక నుంచి కృపావతి గొంతు. తేనెపెట్టె మూత చేతిలో పట్టుకుని ఫల్గుణ దొంగలా దొరికిపోయాడు.

"ఈగలొచ్చినాయేమోనని సూత్తన్నాను. నీకు సాయమే కదేటి!"

"సాయమా? ముందుగా నాలుగు ఈగలొచ్చి ఇల్లు బాగుందా లేదా అని సూసుకుంటాయి. నువ్వు రోజూ వచ్చి కప్పు పీకితే ఏ ఈగ కాపరానికొస్తాది?"

ఫల్గుణ నాలుక కరుచుకున్నాడు. పెట్టెలు ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్నది తన తొందర వల్లేనా!

టైడా ఊరి పైన కొండవాలులో కృపావతి తేనె వ్యాపారం మొదలుపెట్టింది. పెట్టెలకూ మూతలకూ మైనం రాసి ఎదురుచూస్తోంది. వలిసె పూలున్నన్నాళ్లే ఈగల గుంపులు కొత్త ఇల్లు వెతుక్కునేది. ఆ పూలు రాలడం మొదలైంది. ఖాళీ పెట్టెలు చూసి ఊరంతా నవ్వుతోంది. ఆమె మాత్రం చీమలు ఎక్కకుండా పెట్టె కాళ్ల కింద చిప్పల్లో నీళ్లు పోస్తూనే ఉంది.

ఫల్గుణ సంగతి వేరు. బొంగు చికెన్ బండి పెట్టాడు. పొయ్యి చల్లారకముందే టెంట్లు అద్దెకిచ్చాడు. అవి ఉండగానే సెల్ఫీ పాయింట్ అన్నాడు. ఇప్పుడు కృపావతిని పెళ్లాడతానంటున్నాడు.

"నన్ను సేసుకుంటావా లేదా, బేగి సెప్పేయ్."

"ఒక్క పనిలో నిలబడని గుంటడివి. నా దగ్గర నిలబడతావని నమ్మకమేటి?"

మాట చురుక్కుమంది. అతను మూత తిరిగి పెట్టబోతుండగానే గాలిలో హోరు పుట్టింది. లోయ మీదుగా ఈగల గుంపు మబ్బులా తిరుగుతూ వచ్చింది. మైనం వాసన పట్టుకుని సరాసరి ఫల్గుణ చేతిలో ఉన్న మూత మీద, ఆ చేతి మీద వాలిపోయింది.

"కదలకు," కృపావతి గుసగుసగా అంది. "రాణి ఈగ అందులోనే ఉంటాది. విదిలించినావంటే గుంపంతా పోద్ది. నా యాపారమూ పోద్ది."

చెయ్యి బరువెక్కింది. చెమట కంట్లోకి జారింది. ముక్కు ఒకటే దురద. అయినా ఫల్గుణకు ఎక్కడికీ పోవాలనిపించలేదు. తన చేతి మీద ఒక ఊరికి ఊరే ఊపిరి తీసుకుంటోంది. ఆ వెచ్చదనం, ఆ సన్నని వణుకు మోచేతి దాకా తెలుస్తోంది. తాను రోజూ మూత తీసి వెతికినదే, తనంతట తానే వచ్చి వాలింది. అతనికి ఒళ్లు పులకరించింది.

కృపావతి ఒట్టి చేతులతో, పసిబిడ్డకు నీళ్లు పోసినంత నెమ్మదిగా, ఈగలను దోసిళ్లతో పెట్టెలోకి దించింది. రాణి లోపలికి వెళ్లగానే మిగతావి బారులు తీరాయి. ఫల్గుణ ఈగలను చూడాలో ఆమెను చూడాలో తెలియక నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

ఎండ కొండ దాటాక మూత పెట్టెకెక్కింది.

"కుట్టినాయా?"

"కుట్టినాయి."

"మరి కదల్లేదేటి?"

"నువ్వు కదలకన్నావు గదా."

కృపావతి అతని చేతిలోని ముళ్లు తీసింది. తీశాక కూడా చెయ్యి వదల్లేదు.

"రేపు మా అయ్యతో మాటాడు."

"రేపెందుకు, ఇప్పుడే..." పరుగందుకోబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు ఫల్గుణ. పెట్టె పక్కనే చతికిలబడ్డాడు. "నువ్వెప్పుడంటే అప్పుడే. అందాకా సిప్పల్లో నీళ్లు నేను పోత్తాను."

"సరే గానీ, మూత మాత్రం ముట్టకు," అంది కృపావతి, నవ్వు ఆపుకోలేక.