ఉంట మరి

ఆకేరు వాగు పొంగి రైలు పట్టాలు కొట్టుకుపోయిన ఏడు అది. లింగాల ఘనపూర్ ఊరి మహేందర్ అప్పటికి మాల్దీవుల్లో, ఒక చిన్న దీవిలో రేడియో, ఫోను టవర్లు బాగుచేసే పనిలో ఉన్నాడు. జనగామ బస్సులో సీటు కోసం అతనితో తగువాడిన యమున మానుకోట దగ్గర ఆకేటి ఒడ్డు పల్లెలో ఉంది. తగువు ప్రేమయ్యాక రెండేండ్లుగా ఫోన్లే. మాట సముద్రం దాటడానికి రెండు క్షణాలు పట్టేది. ఒకరి మాట మీద ఒకరిది పడితే నవ్వుకునేవారు.

ఆ శనివారం సాయంత్రం యమున నవ్వలేదు.

"వచ్చే ఆదివారం నన్ను చూడనీకి వస్తున్నరు. బాపు మాటిచ్చేటట్టున్నడు."

"అయ్యో, గిప్పుడే డ్యూటీకి పిలుస్తున్నరు యమునా..."

"ఒక్కటి చెప్పి పో. వస్తవా, ఆడనే ఉంటవా?"

ఆ ప్రశ్న ఇంకా దారిలో ఉండగానే మహేందర్, "ఉంట మరి" అనేశాడు. ఫోన్ పెట్టేసే ముందు అందరూ అనే మాటే. ఆమెకది జవాబై చేరింది. ప్రశ్న అతని చెవిన పడేసరికి లైన్ తెగిపోయింది.

తెల్లారేసరికి ఆ పల్లె టవర్ వరదకు మూగబోయింది. దీవులన్నిటికీ పాటలు వినిపించేవాడు ఒక్క పిల్లకు ఒక్క మాట చేర్చలేకపోయాడు. సెలవు పెట్టి విమానమెక్కాడు.

మళ్లీ శనివారానికి, మోకాళ్ల దాకా బురదతో ఆమె వాకిట్లో నిలబడ్డాడు. యమున తడిసిన బియ్యం ఆరబోస్తోంది.

"ఉంటనంటివి గద! మల్లెందుకొచ్చినవ్?"

"అది ఫోన్ పెట్టేసే ఉంట పిల్లా! ఉండిపోయే ఉంట కాదు!"

"పెట్టేస్త అంటే నీ నోరు అరుగుతదా? ఆకేరు కన్న ఎక్కువ నీళ్లు గార్చిన నేను."

"మల్లొక్కసారి అడుగు."

"వస్తవా, ఆడనే..."

"వచ్చిన."

గడపలో యమున తండ్రి సంజీవ దగ్గాడు. "ఎవరు బిడ్డా?"

"నాకు గీయిననే కావాలె బాపు." ఆమె తల ఎత్తలేదు.

"రైళ్లు లేవు గద, ఎట్లొచ్చినవయ్యా?"

"సముద్రం మీద టవర్ల పని చేస్త. ఇమానం దిగి మానుకోట దాంక బస్సుల. ఆడికెల్లి నడక, మామా."

"మామా అనవడితివి అప్పుడే! మల్ల సముద్రం మీదికే పోతవా?"

"ఈడ గూడ టవర్లున్నయి మామా."

సంజీవ ఒకసారి కూతుర్ని చూశాడు, ఒకసారి ఆ బురద కాళ్లను చూశాడు. "రేపొచ్చేటోళ్లకు రావద్దని చెప్పాలె. ఫోన్లు నడుస్తలేవు. నీ పని గదే కదా, నువ్వే చేరెయ్యి."

మర్నాడు పొద్దున్నే మహేందర్ ఆరు మైళ్లు నడిచి, పెండ్లిచూపులకు తయారవుతున్న వాళ్లింటికి పోయి, ఆ మాట నోటితో చెప్పి, వాళ్లిచ్చిన చాయ్ తాగి వచ్చాడు.