తొమ్మిదక్షరాల ఆపరేషన్

డేటాబేస్ ఇంజినీరు మెట్ల మీద నుంచి జారిపడి చనిపోయాడని రిపోర్టు. మెట్లు పొడిగా ఉన్నాయి. లైట్లు వెలుగుతున్నాయి. పైగా ఆ మహానుభావుడు పదేళ్లలో ఒక్కసారి కూడా మెట్లెక్కిన పాపాన పోలేదు, మొదటి అంతస్తుకైనా లిఫ్టే.

"నమ్ముతున్నావా?" అడిగాడు పెద్దాయన.

"లేదు సార్."

"నేనూ నమ్మలేదు. కూర్చో."

ఏజెంట్ కూర్చున్నాడు. సీక్రెట్ సర్వీసులో అతన్ని తాబేలు అంటారు. కొంపలంటుకున్నా సరే, ఏ ఇల్లో కనుక్కుని మరీ బయల్దేరే రకం. టైము ఉదయం తొమ్మిదిన్నర.

"సరిహద్దు అవతల మనవాళ్లు నలభై ఒక్కమంది ఇవాళ ఇటు దాటుతున్నారు," అన్నాడు పెద్దాయన. "సరిగ్గా పన్నెండింటికి గేటు దగ్గరి మెషీన్ మన సర్వర్ నుంచి వాళ్ల పేర్ల లిస్టు తీసుకుంటుంది. పాస్‌పోర్టులో పేరు, లిస్టులో పేరు పొల్లు పోకుండా కలిస్తే గేటు తెరుచుకుంటుంది. కలవకపోతే అవతలివాళ్లు పట్టుకుపోతారు."

"మధ్యలో మన డేటాబేస్‌కి వచ్చిన ఇబ్బందేంటి?"

"గేటు మెషీన్‌కి యూటీఎఫ్-8 తప్ప మరో భాష రాదు. మన టేబుల్ పాతకాలపు లాటిన్-1. క్యారెక్టర్ సెట్, అంటే అక్షరాల్ని యంత్రం అంకెలుగా రాసుకునే పద్ధతి, మార్చాలి. మార్చాల్సినవాడు మెట్ల కింద దొరికాడు. ఇప్పుడు ఆ పని నీది." పెద్దాయన గొంతు తగ్గించాడు. "లిస్టులో పదిహేడో పేరు..."

"తెలుసు సార్. మా అక్క."

పదకొండేళ్లు. వేరే దేశంలో, వేరే పేరుతో. అసలు పేరున్న పాస్‌పోర్టు ఆవిడ చేతికి ఈ వారమే అందింది. తాబేలు మొహం మాత్రం గోడలాగే ఉంచాడు.

"సర్వర్ రూమ్‌లో మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాకూ చెప్పలేదు, పైవాళ్ల రూలు. 'గొడుగు తెచ్చారా' అన్నవాళ్లు మనవాళ్లు."

"అది ఇంజినీరుకి ఇచ్చిన కోడ్ కదా సార్?"

"అదే. మార్చమని ఫైలు పెట్టి నెలయింది. ఇంకా సంతకం కాలేదు."

అదీ సంగతి. శత్రువు ఒక్కరోజులో మనిషిని లేపేస్తాడు, మన ఫైలు నెలకి కూడా లేవదు.

*

సర్వర్ రూమ్‌లో చలి ఎముకలు కొరుకుతోంది. తాబేలు వేషం రిపేరు మెకానిక్‌ది: నూనె మరకల చొక్కా, చేతిలో కాఫీ ఫ్లాస్కు. ఫ్లాస్కు పైసగంలో కాఫీ, కిందిసగంలో అరచేతంత కంప్యూటరు.

లోపల ఇద్దరున్నారు. ఒకాయన రికార్డుల సెక్షన్ ఇన్‌ఛార్జ్, స్వెటరు మీద స్వెటరు వేసుకున్న నవ్వుమొహం మనిషి. ఆఫీసంతా ఆయన్ని బాబాయ్ అంటుంది. రెండోది బయటి కంపెనీ నుంచి వచ్చిన కన్సల్టెంట్. నీలం పట్టు చొక్కా, ఎర్రటి లిప్‌స్టిక్, ఎవరినీ లెక్కచేయని నడక. ఆఫీసు పెట్టిన పేరు నెమలి. శత్రువుల ముఠా ఆవిడకి జీతమిస్తోందని తాబేలు చదివిన ఫైల్లోనే ఉంది.

"రా అబ్బాయ్. గొడుగు తెచ్చావా?" అన్నాడు బాబాయ్.

తాబేలు గుండెలో బరువు దిగింది. సగమే దిగింది, ఎందుకంటే అది పాత కోడ్.

బాబాయ్ దగ్గరకి జరిగి చెవిలో చెప్పాడు. "ఆ పిల్ల మీద ఓ కన్నేసి ఉంచు నాయనా. నేను ట్రయల్ వేసేశాను. కన్వర్ట్ కమాండ్ ఒక్కటి కొట్టు, చాలు. బ్యాకప్ కూడా తీశాను, భేషుగ్గా ఉంది." అని ఓ కాగితం చేతిలో పెట్టాడు. పదిహేడో పేరు: మార్చకముందు ఇరవై ఏడు అక్షరాలు, మార్చాక ఇరవై ఏడు అక్షరాలు. పక్కన టిక్కు.

అటు చూస్తే నెమలి లిప్‌స్టిక్ మూత తీసి, దాని అడుగుని సర్వర్‌కి గుచ్చుతోంది. తాబేలు చూడటం ఆవిడ చూసింది. నవ్వలేదు.

"ఏం చేస్తున్నారు?"

"పెదాలు ఎండిపోయాయి," అంది.

డేటా దొంగిలిస్తోంది. అడ్డుకోవాలా, ముందు పేర్లు కాపాడాలా? టైము పదకొండూ పది. తాబేలు స్క్రీన్ ముందు కూర్చున్నాడు. కమాండ్ కొట్టలేదు. నిదానమే ప్రధానమని అక్క చిన్నప్పుడు చెవి మెలేసి మరీ నేర్పింది.

పదిహేడో పేరుని అక్షరాలుగా కాకుండా ఉత్త బైట్లుగా, అంటే యంత్రం దాచుకున్న అంకెలుగా, చూపించమన్నాడు. ఇరవై ఏడు బైట్లు, మూడేసి చొప్పున గుంపులు. యూటీఎఫ్-8లో మన అక్షరం ఒక్కోదానికి పట్టేవి సరిగ్గా మూడు బైట్లు. గుడులూ దీర్ఘాలూ విడిగా లెక్కపెట్టే యంత్రానికి అక్క పేరు తొమ్మిదక్షరాలు. తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు.

అప్పుడు తలకెక్కింది. లోపలున్నది ఎప్పటినుంచో యూటీఎఫ్-8. పైన అంటించిన లేబులే లాటిన్-1. పంచదార అని రాసిన డబ్బాలో ఇల్లాలు ఉప్పు పోసుకుంది. ఆవిడకి తెలుసు కాబట్టి ఏళ్ల తరబడి ఇల్లు సజావుగా సాగింది. కొత్తగా వచ్చినవాడు లేబుల్ నమ్మి కాఫీలో కలిపితే గోవిందా. ఇక్కడ నేరుగా కన్వర్ట్ కొడితే యంత్రం ఒక్కో బైట్‌నీ ఒక్కో అక్షరం అనుకుని, ఉన్నదాన్ని మళ్లీ యూటీఎఫ్-8 చేసి చెత్త చేస్తుంది. సరైన దారి ఒకటే. ముందు కాలమ్‌ని బైనరీ చేయాలి, అంటే లోపలి సరుకు ముట్టుకోకుండా లేబుల్ పీకేయాలి. తర్వాత యూటీఎఫ్-8 అని కొత్త లేబుల్ అంటించాలి. అప్పుడు ఇరవై ఏడు కాస్తా తొమ్మిదవుతుంది.

మరి బాబాయ్ ట్రయల్‌లో మార్చాక కూడా ఇరవై ఏడే. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న మనిషి దాని పక్కన టిక్కెలా పెట్టాడు?

"బాబాయ్, బ్యాకప్ ఇవ్వండి. ఒకసారి రీస్టోర్ చేసి చూస్తాను."

"టైమెక్కడుంది నాయనా? నా మాట మీద నమ్మకం లేదా?"

"అలా కాదు. పోయిన ఇంజినీరు కూడా చూసే ఉంటాడు కదా అని."

"ఆ టైములో నేను మెట్ల దగ్గర లేనే," అన్నాడు బాబాయ్.

మెట్ల ఊసు తాబేలు ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. తాబేలు నవ్వి, బల్ల మీదున్న బ్యాకప్ డిస్కు తీసుకుని ఫ్లాస్కు అడుగున గుచ్చాడు. రీస్టోర్ నత్తనడక నడిచింది. పదకొండూ యాభైకి లిస్టు తెరుచుకుంది.

నలభై ఒక్క వరసలు. వరస నిండా ప్రశ్నార్థకాలు.

తలెత్తేసరికి బాబాయ్ తన కీబోర్డు మీద ఎంటర్ నొక్కాడు. సర్వర్‌లోని అసలు టేబుల్‌ని ఆస్కీలోకి మార్చేశాడు. మన లిపిలో ఒక్క అక్షరం కూడా లేని సెట్ అది. తెలియని ప్రతిదాన్నీ ప్రశ్నార్థకం చేసి పారేస్తుంది. చెత్తనైతే ఏరుకోవచ్చు, ప్రశ్నార్థకాన్ని వెనక్కి తిప్పే మగాడు లేడు.

"నువ్వే కొట్టుంటే నింద నీ మీదికి పోయేది," అన్నాడు బాబాయ్, అదే నవ్వుమొహంతో. స్వెటరు కింద నుంచి పిస్తోలు వచ్చింది.

అది పేలలేదు. నెమలి ఆయన మణికట్టు పట్టి వెనక్కి విరిచింది. పిస్తోలు నేల మీద, బాబాయ్ మొహం బల్ల మీద.

"పట్టు," అంటూ లిప్‌స్టిక్ తాబేలు వైపు విసిరింది. "ఇందాక తీసిన కాపీ. ఉత్త బైట్లు, ఎక్కడా మార్చలేదు."

"మీరు మనవాళ్లా? కోడ్ చెప్పలేదేం?"

"జీతం వాళ్లది, పని మనది. ముసలాడి నోట విన్నాక ఆ కోడ్ నేనెలా వాడతాను? పైగా నువ్వు వాడితో గుసగుసలాడుతున్నావు. నిన్ను కూడా విరిచేదాన్నే."

పదకొండూ యాభైమూడు. లిప్‌స్టిక్ నుంచి పేర్లు లోపలికి ఎక్కాయి. పదకొండూ యాభై ఏడు. కాలమ్ బైనరీ అయింది. తాబేలుకి జీవితంలో మొదటిసారి తొందరపడాలనిపించింది, పడలేదు. కమాండ్ ఒక్కసారి చదువుకుని ఎంటర్ కొట్టాడు. యూటీఎఫ్-8. పదిహేడో పేరు పొడవెంత అని అడిగాడు.

తొమ్మిది.

స్క్రీన్ మీద అక్క పేరు దీర్ఘాలతో సహా వెలిగింది. గోడ గడియారం పన్నెండు కొట్టింది, గేటు మెషీన్ లిస్టు పట్టుకుపోయింది.

*

నలభై నిమిషాలకి ఫోన్ మోగింది.

"ఒరేయ్," అంది అవతలి గొంతు.

"అక్కా."

"గేటు దగ్గర వాడు లిస్టులో చూసి నా పేరు గట్టిగా చదివాడురా. పదకొండేళ్లయింది నన్ను ఆ పేరుతో ఎవరూ పిలిచి. పలకడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాను. వాడే పాపం రెండోసారి పిలిచాడు."

తాబేలు నూనె మరకల చొక్కాతోనే కళ్లు ఒత్తుకున్నాడు.

"ఏడుస్తున్నావా?" అడిగింది నెమలి.

"ఏసీ ఎక్కువైంది."

బాబాయ్‌ని బేడీలతో తీసుకెళ్లాక పెద్దాయన వచ్చాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మీరు పట్టారన్నాడు. తాబేలు ఒకటే అడిగాడు.

"సార్, ఇప్పటికైనా ఆ కోడ్ మార్పిస్తారా?"

పెద్దాయన తల గోక్కున్నాడు.

"ఫైలు ఎక్కడుందో వాకబు చేశానయ్యా. నెల నుంచీ బాబాయ్ సంతకం కోసమే ఆగి ఉందట."